పసుపు చెయ్యి పడ్డ బేలు

నేను పోయేసరికి బుచ్చవ్వ బాయి కాడ నిలవడి గిరకకు పడ్డ ముడి ఇప్పుకుంట మొగన్ని తిడుతున్నది.

"మల్ల కట్టిండు," అన్నది నన్ను చూసి. "పొద్దుగాల లేస్తె గిదే పని నర్మదమ్మా. బొక్కెన పిడికి కడ్తడు, తలుపు గడియకు కడ్తడు, ఇసుర్రాయి కట్టెకు కడ్తడు. నిన్న పక్కింటోళ్ల సైకిలు చక్రానికి కట్టిండు. వాళ్లు బజార్ల నిలవడి నా ఏడు తరాలను యాది జేసిండ్రు."

గిరకకు రెండు బట్టలున్నయ్. ఒకటి తువ్వాల. ఇంకోటి ఆమె పాత చీరల కెల్లి చింపిన పేలిక.

"రెండెందుకక్కా?"

"ఒక్కటి సాలదట. రెండోది దొరికేదాంక ఇల్లంతా గాలిస్తడు. నా కట్టు చీర కొంగైనా సరే, పట్టుకొని గుంజుతడు. పిచ్చికి లెక్క ఏమున్నది బిడ్డా."

ఆమె మొగడు కొమురెల్లి వాకిట్ల ఎండల మంచమేసుకొని కూసున్నడు. చూరు కిందికి గూడ రాడు. ఇంట్లకు పొమ్మంటె ఒణుకుతడు. మిల్లు కూత ఇనవడితె చేన్లకు ఉరుకుతడు. నోట్లకెల్లి మాట రాక నెల దాటింది. ఒంటి మీద మాత్రం గీత లేదు.

గా గీత లేకపోవుడే మా కష్టమంత.

కొమురెల్లి జమ్మికుంటల ఒక పత్తి మిల్లుల పెట్టె తొక్కెటోడు. మనిషి నిలువు కన్న లోతున్న ఇనుప పెట్టెల పత్తి పోస్తరు. మనుషులు లోపటికి దిగి కాళ్లతోని తొక్కుతరు. వాళ్లు ఎక్కి బయటికొచ్చినంక చక్రం తిప్పితె, కింది కెల్లి ప్రెస్సు లేచి పత్తిని రాయి లెక్క బిగిస్తది. అదే బేలు. తన మొగడు లోపట ఉండంగనే ఎవరో చక్రం తిప్పిండ్రని బుచ్చవ్వ అంటది. అసలేం జరగలేదని మిల్లు అంటది.

కరీంనగర్ల నేను పనిజేసే ప్లీడరు హనుమంతు సారు నన్ను బస్సెక్కియ్యంగ చెప్పిన మాట గిది: "చట్టంల పట్టిక ఉన్నది నర్మదా. వేలు పోతె ఇంత, కన్ను పోతె ఇంత. మనసు పోతె ఎంతనో రాసిన గడి లేదు. అయినా కొట్లాడుత. మనసు గూడ మనిషి ఒంట్లనే ఉంటదని పరిహారం తేల్చే కమిషనర్ ముందట చెప్త. నాకు రెండు తెచ్చియ్యి. మిల్లుల ప్రమాదం జరిగినట్టు రుజువు. కొమురెల్లి కాయిదా, అంటె మిల్లు పని నియమం, తప్పలేదన్న రుజువు."

గవి దొరికితె కొమురెల్లి దవాఖాన, మందులు, జీతం మిల్లు మీద పడ్తయ్. దొరకకపోతె ఆయన ఉత్త పిచ్చోడు. పిచ్చోనికి దవాఖాన అంటె గోడ, గోడకు తాళం. చూరు కిందనే ఉండలేనోడు గా తాళం ఎనక ఎన్ని రోజులు బతుకుతడో బుచ్చవ్వ అడగలే. నేను చెప్పలే.

జీపు సప్పుడైంది. శేషగిరి దిగిండు. మిల్లుకు బీమా చేసిన కంపెనీ మనిషి. పాత పోలీసు. ఆంధ్రప్రదేశ్ అయ్యి పదేండ్లయినా 'గట్ల' అన్న మాట ఇంటె ఆయనకు ఇప్పటికి పన్ను నొస్తది.

"ఏమ్మా నర్మదా, బస్సులో సీటు దొరికిందా?"

"ఇంజను మీద కూసున్న సార్. మెకానికల్ చదివినోళ్లకు గదే మంచి సీటు."

"బాగుంది. ఇదిగో మేజిస్ట్రేటు ఆర్డరు. సాయంత్రం మిల్లు కూత అవగానే ఇతన్ని హైదరాబాదు పిచ్చాసుపత్రికి తీసుకెళుతున్నాను. సర్కారు ఖర్చే. బుచ్చమ్మ దిగులు పడక్కర్లేదు."

"బుచ్చవ్వ," అన్నది ఆమె. "సర్కారు ఖర్చంటె మిల్లు ఖర్చు గాదన్నట్టు. గంత మాత్రం నాకు సమజైతది సారూ."

శేషగిరి నవ్విండు. "చూడమ్మా, ఇతను నటించడం లేదు. నటించేవాళ్లను చాలామందిని పట్టుకున్నాను, వెనకనుంచి రేకుడబ్బా కొడితే నటించేవాడు ఒక్క క్షణం ఆలోచించి ఉలిక్కిపడతాడు. ఇతను ఆలోచించలేదు. జబ్బు నిజం. కాని అది మిల్లులోనే పుట్టిందని ఎవరన్నారు? కల్లు దుకాణంలో పుట్టి ఉండొచ్చు. ఈవిడ వంటలో పుట్టి ఉండొచ్చు."

"నా వంట మీరు తినలే గద సారూ," అన్నది బుచ్చవ్వ. "తింటె గప్పుడు మాట్లాడుండ్రి."

నేను గిరక మీది తువ్వాల తెచ్చి కొమురెల్లి చేతుల పెట్టిన. ఇసుర్రాయి జరిపి ఆయన ముందట పెట్టిన. ఆయన తువ్వాలను ముందు బొక్కెనల ముంచిండు. పిండిండు. ఇసుర్రాయి కట్టెను మంచం కోడుకు కలిపి సుట్టి, ఒక కొస పంటితోని పట్టి, ఇంకో కొస చేతితోని గుంజిండు. తడి ముడి. ఆరితె ఇనుము లెక్కనే. ముడి పడ్డంక కట్టెను అటిటు తిప్పి చూసిండు. తిరగలే. గప్పుడు రెండో బట్ట కోసం మంచం కింద చెయ్యి పెట్టి ఎతికిండు.

నేను బుచ్చవ్వ దిక్కు తిరిగిన.

"అక్కా, మిల్లుల పెట్టెల దిగేముందు ఏం చేస్తరు?"

"చక్రాన్ని పక్క కంబానికి కలిపి తువ్వాల కట్టి దిగుతరు. లోపట మనిషున్నడని గురుతు. బయటికొచ్చి ఎవని తువ్వాల వాడే ఇప్పుకోవాలె. ఇంకొకని తువ్వాల ఇంకొకడు ముట్టొద్దు. ముడి ఉంటె చక్రం తిరగదు."

పాలిటెక్నిక్‌ల మనిషుండంగ మిషను తిరగకుంట ఆపే తీరు చెప్పనీకి మా సారుకు ఒక పీరియడ్ పట్టింది, బోర్డు మీద నాలుగు బొమ్మలు పట్టినయ్. ఈళ్లు తువ్వాలతోని కానిచ్చిండ్రు.

"ఇది పిచ్చి గాదు సార్. తిప్పకుండ్రి, లోపట మనిషున్నడని చెప్తున్నడు. పొద్దంత గదే చెప్తున్నడు. మనకే ఇనస్తలేదు."

శేషగిరి వంగి ఆ ముడిని గుంజి చూసిండు. తరువాత మెల్లగ అన్నడు: "మంచి పాయింటే. కాని నీకే తగులుతుంది. ఆ రోజు కట్టడం మరిచిపోయాడు, ఆ బాధతో ఇప్పుడు ప్రతిదానికీ కడుతున్నాడు. అలా కూడా చెప్పొచ్చుగా? కాయిదా తప్పినవాడికి పరిహారం లేదు. హనుమంతు గారిని అడుగు."

అడగక్కర్లేదు. నిజమే. నా రుజువే నా మెడకు సుట్టుకున్నది.

"మిల్లు చూస్త," అన్న.

"చూడు. సాయంత్రం కూత కూసేలోపల చూసుకో. నేనూ వస్తాను, నువ్వు ఏదో ఒకటి జేబులో వేసుకోకుండా." డ్రైవరు వైపు తిరిగిండు. "ఇతన్ని ఆమెతో సహా గేటు దగ్గరికి తీసుకురా. జీపు పైకప్పు తీసెయ్, లేకపోతే ఎక్కడు."

ఆ కప్పు తీపిచ్చిన ఒక్క మాటకు నేను ఆయనను సగం క్షమించిన. మిగిలిన సగం ఉంచుకున్న.

ప్రెస్సు ఇంటి కాడ మేస్త్రి అంతయ్య ఎదురొచ్చిండు. నోట్లె పాను, నడుముకు గోనెలు కోసే వంకర కత్తి. నవ్వు ముందొచ్చింది, మనిషి ఎనకొచ్చిండు.

"రాండ్రి రాండ్రి. ఆడపిల్ల మిషన్లు చూస్తనంటె మాకు గూడ సంబరమే."

"గా దినం నువ్వెక్కడున్నవ్ అంతయ్యా?"

"స్టేషన్ల. గూడ్సు బండికి బేళ్లెక్కిస్తున్న. ఇక్కడేం జరగలే, జరిగినా నేను లేను." రెండు జవాబులు ఒక్క ఊపుల చెప్పిండు.

చక్రం కాడ ముత్యం ఉన్నడు. చక్రం తిప్పుడే ఆయన కొలువు. కొమురెల్లి, ఆయన ఒక్క వాడోళ్లు. నన్ను చూడకుంట చక్రం తుడుస్తున్నడు. అప్పటికే తళతళ మెరుస్తున్న చక్రం.

"ముత్యమన్నా, గా దినం మధ్యాన్నం బువ్వ కూతకు నువ్వు తిననీకి పోయినవా?"

"పోయిన."

"మల్లొచ్చేసరికి?"

"చక్రం మీద ఏం లేదు," అన్నడు తొందరగ. "ఏ తువ్వాల లేదు. బోడిగున్నది."

"ఏం జరగని దినమంట గద అన్నా. ఏం జరగని దినం చక్రం మీద ఏమున్నదో ఏం లేదో నీకు గింత మంచిగ ఎట్ల యాదికున్నది?"

ముత్యం చేతుల గుడ్డ ఆగింది. అంతయ్య దగ్గిండు. శేషగిరి అంతయ్య మొఖం చూసిండు, నేను ముత్యం మొఖం చూసిన. ఇద్దరం చెరొకటి చూసినందుకు నాకు సంతోషమైంది, ఆయనకు చెప్పలే.

పెట్టె లోపటికి తొంగి చూసిన. ఇనుప గోడకు పసుపు. పచ్చగ, కొత్తగ.

"దసర పూజ," అన్నడు అంతయ్య.

"పోయిన దసరదా, రాబోయే దసరదా? పోయినది గింత పచ్చగుండదు. రాబోయేది రానేలే."

"శాంతి చేసిండ్రు," అన్నడు ముత్యం, నేలను చూసుకుంట. "కోడిని గూడ కోసిండ్రు. అంతయ్యనే కొనిచ్చిండు. తనే కోసిండు."

"నువ్వు పోచమ్మకు చెయ్యి గూడ ఎత్తవంట గదా అంతయ్యా, వాడకట్టంత అంటది."

"కూలోళ్ల మనసు కోసం, అమ్మా. వాళ్లు పరేషాన్ ఐతె పని నడవదు."

"ఏం జరగనిదానికి పరేషానెందుకు?"

పాను నమిలిండు. పక్కకు ఉమ్మిండు.

ప్రెస్సు కింది గుంత చూసిన. సగం దాంక కొత్త సిమెంటు. చుట్టున్నది నల్లగ, నూనె తాగి ఉన్నది. మధ్యల తెల్లగ, పిల్లగాని దంతం లెక్క.

"ఇదేంది?"

"నూనె కారుతుంటె పోసినం."

"నూనె కారితె లోపటి తోలు వాషరు మారుస్తరు. సిమెంటు పోస్తె రేపు వాషరు మార్చనీకి గడ్డపారతోని పలగ్గొట్టాలె."

"మాకు నీ అంత చదువు లేదమ్మా."

శేషగిరి గడియారం చూపిచ్చిండు. "నూనె సంగతి తరువాత. నీకు కావలసింది తువ్వాల. అది లేదు."

నిజమే. ఎవరన్న తీసి పెట్టెల పడేస్తె పత్తిలనే ఉండాలె. నేను ముత్యం వైపు తిరిగిన. "అన్నా, గా దినం పెట్టెల ఉన్న పత్తి ఏమైంది?"

"తరువాత బిగించినం. కానీ," అని ఆగిండు, "హమాలీలు దాన్ని లేపలే. మనిషి ఉసురు తగిలిన పత్తి అన్నరు. పసుపు చెయ్యి గుద్దిండ్రు. గోదాంల మూలకున్నది. అంతయ్య కల్లు తాగిపిస్తనన్నడు, అయినా ఒక్కడు భుజం పెట్టలే."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మిల్లు పెట్టెను కడిగింది, చక్రాన్ని తుడిచింది, గుంతను పూడ్చింది. రుజువు పడ్డ పత్తిని మాత్రం తానే ఇనుప పట్టీలేసి బిగిచ్చి భద్రం చేసింది. బయటికి పంపుదమంటె ఎత్తెటోడు లేడు.

గోదాం దాంక ఉరికినట్టే పోయిన. మూలకు ఒక్కటే బేలు, గోనె మీద అయిదు వేళ్ల పసుపు ముద్ర.

"దీన్ని ఇప్పాలె."

"సేటును అడగాలె," అన్నడు అంతయ్య.

"నేనున్నానుగా, కంపెనీ తరఫున," అన్నడు శేషగిరి. "విప్పు. ఏమీ లేకపోతే ఈ అమ్మాయి కరీంనగర్ బస్సెక్కుతుంది, నేను ప్రశాంతంగా టీ తాగుతాను."

ముత్యం పట్టీకత్తెర తెచ్చిండు. "ఎదురుంగ నిలవడకుండ్రి," అన్న. శేషగిరి జరగలే. "సార్, గీ పత్తిల ఎద్దు బలం బిగవట్టి ఉన్నది. పట్టీ తెగితె గర్రున తిరుగుతది."

ఆయన ఒక్క అడుగు జరిగిండు. పట్టీ తెగింది. ఆయన మొఖం ఉన్న జాగల గాలిని కోసుకుంట పోయి గోడకు తాకింది. గోడకు సున్నం రాలింది. శేషగిరి టోపీ సవరిచ్చుకున్నడు, అంతే. ఒక్కొక్క పట్టీ తెగుతుంటె బేలు ఒళ్లు ఇరుచుకున్నట్టు పొంగింది. నేను మోచేతుల దాంక చేతులు పెట్టి పొరలు ఇప్పుతున్న. తెలుపు, తెలుపు, మల్ల తెలుపు. ఆఖరికి నీలి గళ్లు.

గుంజిన. తువ్వాల. ముడి అట్లనే ఉన్నది, రాయి లెక్క బిగిసి, ఒక కొసకు పంటి గాట్లు. ముడికి ఎదురు పక్క బట్ట కోసి ఉన్నది. చింపింది గాదు. కత్తి.

"చూడుండ్రి సార్. ముడి ఇప్పలే. ముడి ఉండంగ కోసిండ్రు. అంటె ఆయన కట్టిండు. కాయిదా తప్పలే. లోపట ఉండంగనే ఎవరో గురుతు కోసి పెట్టెల పారేసిండ్రు. ప్రమాదం జరిగింది."

శేషగిరి తువ్వాల తీసుకున్నడు. కోతను వెలుతురుకు పట్టి చూసిండు. పంటి గాట్ల మీద వేలు పెట్టిండు. మంచి పోలీసు, ఆ సంగతి ఒప్పుకోవాలె.

"ఓడిపోయాను," అన్నడు ఆఖరికి. "కంపెనీకి నేనే చెబుతాను. హైదరాబాదు తీసుకెళ్లేది నిజమే, కాని తాళం ఉన్న ఆసుపత్రికి కాదు. డాక్టరు దగ్గరికి. మిల్లు ఖర్చు మీద."

గట్ల అన్న మనిషి ముందట గంతులేసుడు బాగుండదని గేటు దాంక ఆగిన. కప్పులేని జీపుల కొమురెల్లి కూసున్నడు, బుచ్చవ్వ ఆయన చెయ్యి పట్టుకున్నది. మిల్లు దిక్కు చూడకుంట కండ్లు మూసుకున్నడు.

"అక్కా, దొరికింది," అని తువ్వాల ఆయన ఒళ్లె పెట్టిన.

కండ్లు తెరిచిండు. ముడిని గుర్తువట్టిండు. వేళ్లు తాకిచ్చి చూసిండు, పెదిమలు కదిలినయ్. బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను గెలిచిననుకున్న.

గప్పుడు ఆయన ఎతుకుడు షురూ చేసిండు.

సీటు కింద చూసిండు. నా చేతులు తిప్పి చూసిండు. నా సంచి గుంజుకొని బోర్లిచ్చిండు, దువ్వెన, స్కేలు, బస్సు టికెట్టు అన్ని రోడ్డు మీద పడ్డయ్. బుచ్చవ్వ కొంగు పట్టుకున్నడు.

"ఒక్కటి సాలదు," అన్నది బుచ్చవ్వ, అలవాటు మీద. "రెండోది కావాలె ఆయనకు. నేను చెప్పలే?"

చెప్పింది. పొద్దుగాలనే చెప్పింది. గిరకకు రెండు. గడియకు రెండు. సైకిలుకు రెండు. ఎవని తువ్వాల వాడే కడ్తడు. ఒక్క మనిషికి ఒక్కటి.

గోదాంకు ఉరికిన. శేషగిరి ఏమైందని అడుగుకుంటనే నా ఎనక ఉరికిండు. బేలు మిగిలిన సగంల మోకాళ్ల మీద కూసోని ఇద్దరం రెండు చేతులతోని పత్తి పీకుతున్నం. ఆయన టోపీ మీద పత్తి, నా నోట్లె పత్తి. ఆయన చేతికే తగిలింది.

ఎర్ర అంచు తువ్వాల. ముడి వేరే తీరు, పంటి గాట్లు లేవు. కోత మాత్రం అదే కోత, అదే కత్తి, ఒక్క దెబ్బకు రెండు.

"నర్మదా," అన్నడు శేషగిరి. "పెట్టెలో ఇద్దరున్నారు."

వాకిలి కాడ ముత్యం నిలవడ్డడు. తువ్వాలను చూసి గోడకు ఒరిగి కిందికి జారిండు.

"వెంకటిది," అన్నడు. "చెన్నూరు దిక్కు పోరడు. రోజు కూలికొచ్చిండు. ఇక్కడ ఎవలకు సుట్టం గాదు."

"ఎక్కడున్నడు?"

"బువ్వ కూతకు వాళ్లిద్దరు పెట్టెల కెల్లి ఎక్కి రాలే. గూడ్సు బండి ఎల్లిపోతదని పెట్టె నింపుమన్నరు. నేను తినొచ్చిన. చక్రం బోడిగున్నది. తిప్పు ముత్యం అన్నడు అంతయ్య. తిప్పిన. లోపట అరుపు ఇనవడ్డది. ఎనకకు తిప్పిన. కొమురెల్లి పైన అంచు పట్టుకొని ఏలాడుతున్నడు. నేను ఆయన్ని మోసుకొని బయటికి ఉరికిన. మల్లొచ్చేసరికి వెంకటి లేడు. భయానికి ఊరికి ఉరికిండని అంతయ్య చెప్పిండు. బయటికొచ్చినోళ్లు తువ్వాలలు ఇప్పుకొనుడు మరిచిండ్రనుకొని తనే కోసిననని గూడ చెప్పిండు. నేను నమ్మిన చెల్లె. నమ్మితెనే నాకు నిద్ర వట్టింది."

"నెత్తురు లేదా?"

"ఉన్నది. కోడిది," అన్నడు ముత్యం. అన్నంక తన మాట తనకే ఇనవడి చేతులల్ల మొఖం పెట్టుకున్నడు.

రెండో తువ్వాల పట్టుకొని గేటుకు పోయిన. ఈసారి ఉరకలే.

కొమురెల్లి దాన్ని తీసుకొని రెండు తువ్వాలలు ఒళ్లె పక్కపక్కన పెట్టుకున్నడు. ఎతుకుడు ఆగింది. తన దాని ముడిని పంటితోని, గోర్లతోని, చానా సేపు ఓపికగ ఇప్పిండు. ముడతలు సాపు చేసి బుచ్చవ్వ చేతుల పెట్టిండు, పని నుంచి ఇంటికొచ్చినోడు పెట్టినట్టు. రెండోదాన్ని మాత్రం ముట్టలే. ఇంకొకని తువ్వాల.

నా దిక్కు చూసిండు. నెల దాటినంక మొదటి మాట బొంగురుగ, తుప్పు రాలినట్టు వచ్చింది.

"వెంకటి ఇంక లోపట్నే ఉన్నడు."

సాయంత్రం కూత కూసింది. కొమురెల్లి ఉరకలే. మేం మిల్లు దిక్కు చూసినం. అంతయ్య గోదాంల లేడు, వాకిట్ల లేడు. ప్రెస్సు ఇంటి తలుపు లోపటి కెల్లి గడియ పడ్డ సప్పుడైంది. ఆ ఎంబడే సిమెంటు మీద గడ్డపార పడ్డ సప్పుడు, మల్ల ఇంకోటి. తవ్వుతున్నడు. గుంతల పూడ్చిన వెంకటిని మా కన్న ముందు తీసేద్దమని.

శేషగిరి జీపు ఎనకకు పోయి, బురదల దిగవడితె లేపే గడ్డపార తీసి భుజం మీద పెట్టుకున్నడు.

"పదండి నర్మదగారూ," అన్నడు. "వాషరు మార్చాలి."